కాళ్ల బలం పెంచే వ్యాయామాలు: భంగిమ చెడకుండా చేయడం ఎలా

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో తెల్లవారుజామున ఏ మైదానానికి వెళ్లినా, సైన్యంలోనో పోలీసు శాఖలోనో చేరాలన్న పట్టుదలతో పరుగులు తీసే యువకులు గుంపులుగా కనిపిస్తారు. పరుగు మీద వారు పెట్టే శ్రద్ధలో పదోవంతు కూడా కాళ్ల బలం మీద పెట్టరు. పెట్టేవారు కూడా చాలావరకు మొదటి రోజే రెండు వందల గుంజీలు తీసి, మూడు రోజులు మెట్లు దిగలేక, నాలుగో రోజుకు ఆ ఆలోచననే మానుకుంటారు. అగ్నివీర్ దేహదార్ఢ్య పరీక్షలో 1.6 కిలోమీటర్ల పరుగుతో పాటు 9 అడుగుల గొయ్యిని దూకవలసి ఉంటుంది. అలా దూకడానికి ఊపిరి కంటే తొడలు, పిరుదులు ఎక్కువగా పనికి వస్తాయి. ఉద్యోగ పరీక్షల మాట అటుంచినా, అరవై దాటిన అమ్మ నేల మీద నుంచి చేతి ఆసరా లేకుండా లేవగలగాలంటే కావలసింది ఆ బలమే.

ఈ ప్రాంతంలో బరువులెత్తడం కొత్త విద్యేమీ కాదు. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు పేరు శ్రీకాకుళం క్రీడా మైదానానికి ఉంది. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో (ఒకే ఊపులో తల పైకి) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు ఛాతీ మీదికి, తరువాత తల పైకి) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ నుంచి వచ్చిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం సాధించారు. ఇలాంటి ఎత్తులను చూసేవారికి చేతులే కనిపిస్తాయి గాని, బరువు ఛాతీ మీదికి చేరిన క్షణంలో ఆ క్రీడాకారిణి పూర్తిగా గొంతుకూర్చుని ఉంటుంది. అక్కడి నుంచి పైకి లేపేవి కాళ్లే.

నేను గమనించినంతవరకు మన వాళ్లకు గొంతుకూర్చోవడం తెలుసు, లేదా కొంచెం గుర్తు చేస్తే చాలు. తెలియనిది తుంటి దగ్గర మడవడం. నేను చూసిన నడుము నొప్పులు చాలావరకు ఈ రెండో దాని దగ్గరే మొదలయ్యాయి. అందుకే, స్క్వాట్‌తో, అంటే గొంతుకూర్చుని లేవడంతో, మొదలుపెట్టే అలవాటుకు భిన్నంగా, ఈ మార్గదర్శిని తుంటి మడతతో మొదలుపెడుతున్నాను.

మొదలుపెట్టే ముందు

గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు, గజ్జల్లో హెర్నియా, ఇటీవలి శస్త్రచికిత్స, గర్భం, మోకాలి వాపు, నడుము నుంచి కాలిలోకి పాకే నొప్పి ఉన్నవారు వైద్యుని అనుమతి లేకుండా బరువులు పట్టకూడదు. మిగిలినవారు ముందు నేలను, తరువాత పాదాలను చూసుకోవాలి. చెమట పడిన టైల్స్ మీద, సముద్రపు ఒడ్డు ఇసుక మీద బరువులతో వ్యాయామం చేయవద్దు. మొదటిది జారుతుంది, రెండవది కాలి కింద కదులుతుంది. సిమెంటు డాబా గాని, గట్టిగా ఉన్న మట్టి నేల గాని చాలు. మెత్తటి అడుగు ఉన్న పరుగు బూట్లు బరువు కింద అటూ ఇటూ నలుగుతాయి కనుక, పలుచని గట్టి అడుగు ఉన్న బూట్లు వేసుకోవాలి, లేదా ఇంట్లో అయితే వట్టి పాదాలతో చేయాలి. హవాయి చెప్పులతో మాత్రం ఎప్పుడూ చేయకూడదు.

మన తీరప్రాంతపు ఉక్కపోతలో చెమట ఆరదు, అందువల్ల ఒళ్లు త్వరగా చల్లబడదు. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఏడు గంటల లోపు ముగించడం మంచిది. మధ్యమధ్య రెండు మూడు గుక్కల నీళ్లు తాగాలి.

కండరాలు వేడెక్కడానికి ఐదు నుంచి పది నిమిషాలు చాలు: చురుకైన నడక, గోడ పట్టుకుని ప్రతి కాలినీ ముందుకు, వెనక్కు పదేసి సార్లు ఊపడం, ఆ తరువాత బరువు లేకుండా పది నెమ్మదైన స్క్వాట్లు. చల్లటి కండరాలను బలవంతంగా సాగదీసి చాలాసేపు అలాగే పట్టి ఉంచడం వ్యాయామానికి ముందు అనవసరం. అలా సాగదీయాలనుకుంటే చివర చేసుకోవచ్చు.

తుంటి మడత

ఊడ్పుల కాలంలో మడిలో గంటల తరబడి వంగి ఉండే స్త్రీలను, బస్తాలు మోసే కళాసీలను జాగ్రత్తగా పరిశీలిస్తే ఒక తేడా కనిపిస్తుంది. అనుభవం ఉన్న కళాసీ బస్తాను ఒంటికి ఆనించుకుని, పిరుదులను వెనక్కు నెట్టి, వీపును నిలువుగా బిగించి లేపుతాడు. కొత్తవాడు బస్తాకు దూరంగా నిలబడి, కాళ్లు చాపి ఉంచి, వీపును విల్లులా వంచి లాగుతాడు. బరువు ఒంటికి ఎంత దూరంగా ఉంటే నడుము మీద భారం అంత పెరుగుతుంది. బావిలోంచి చేంతాడుతో నీళ్లు తోడినవారికి ఈ మాట వివరించనక్కరలేదు.

దీన్ని నేర్చుకోవడానికి మొదట ఒక గోడ, ఒక చీపురు కర్ర చాలు. వీపు గోడ వైపు ఉండేటట్టు, గోడ నుంచి సుమారు అర అడుగు ముందుకు నిలబడండి. పాదాలు తుంటి వెడల్పున ఉండాలి. మోకాళ్లను కొద్దిగా, అంటే బిగుసుకోకుండా ఉండేంత మాత్రమే సడలించండి. ఇప్పుడు, చేతులు ఖాళీ లేనప్పుడు వెనుక ఉన్న తలుపును పిరుదులతో నెట్టి మూస్తున్నట్టుగా, పిరుదులతో గోడను తాకండి. వంగాలని చూడవద్దు, పిరుదులు వెనక్కు వెళితే మొండెం దానంతట అదే ముందుకు వాలుతుంది. మోకాలి కింది భాగం దాదాపు నిలువుగానే ఉండాలి. తొడ వెనుక కండరాలు సాగుతున్నట్టు తెలిస్తే మడత సరైన చోట పడినట్టు. నడుములో మాత్రమే లాగినట్టు ఉంటే వంగింది వీపే గాని తుంటి కాదు.

సులభంగా వచ్చిన తరువాత గోడ నుంచి మరో రెండు అంగుళాలు ముందుకు జరిగి మళ్లీ చేయండి. ఆ పైన కర్రను వీపు వెంట నిలువుగా పట్టుకోండి. తల వెనుక భాగం, వీపు పైభాగం, నడుము దిగువన పిరుదుల మధ్య ఉండే ఎముక అనే మూడు చోట్లా కర్ర ఆనుతూ ఉండాలి. కిందికి వాలుతున్నప్పుడు ఈ మూడింటిలో ఏ ఒక్కటి కర్రను వదిలినా అక్కడే ఆగి, పైకి వచ్చి, మరింత తక్కువ లోతుకు మళ్లీ చేయాలి. ఈ కర్ర ఎవరినీ మొహమాటపడి మెచ్చుకోదు కనుక, అద్దం కంటే నాకు దాని మీదే నమ్మకం ఎక్కువ.

బరువు చేర్చే ముందు నడుమును కాపాడే బిగింపు తెలుసుకోవాలి. పొట్ట చుట్టూ అన్ని వైపులా నిండేటట్టు గాలి పీల్చి, దగ్గబోయే ముందు పొట్ట గట్టిపడినట్టు బిగించండి. ఆ బిగింపుతోనే కిందికి వెళ్లి, పైకి లేస్తూ కష్టమైన భాగం దాటాక గాలి వదలండి. ఊపిరి బిగబట్టినప్పుడు రక్తపోటు కొద్దిసేపు బాగా పెరుగుతుంది. రక్తపోటుకు మందులు వాడేవారు ఊపిరి ఆపకుండా, లేచేటప్పుడు నెమ్మదిగా గాలి వదులుతూ, తేలికపాటి బరువులతోనే చేయాలి.

బరువు కోసం జిమ్ అక్కరలేదు. లీటరు నీరు ఒక కిలో కనుక, సగం నింపిన ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా పది కిలోలు. దానిని మూత బిగించి రెండు చేతులతో పిడి పట్టుకుని తొడలకు ఆనించి నిలబడి, పైన చెప్పినట్టే మడిచి, మోకాలి దిగువ వరకు దించి లేపవచ్చు. దించడానికి మూడు లెక్కపెట్టేంత సమయం తీసుకోండి. పైకి వచ్చాక పిరుదులు బిగించి నిటారుగా నిలబడితే చాలు. చాలామంది ఆ చివరలో నడుమును వెనక్కు విరుస్తారు, అది అనవసరం, హానికరం.

జిమ్‌లో నేల మీది నుంచి బార్ (రెండు చివరలా గుండ్రటి బరువు ప్లేట్లు తగిలించే ఇనుప కడ్డీ) ఎత్తే డెడ్‌లిఫ్ట్‌కు వచ్చినప్పుడు ఒక విషయం గమనించాలి. పోటీలలో వాడే పెద్ద ప్లేట్ వ్యాసం 45 సెంటీమీటర్లు, అంటే బార్ నేలకు సుమారు 22 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. మన పట్టణాల చిన్న జిమ్‌లలో తరచుగా ఉండేవి అంతకంటే చిన్న ప్లేట్లు. వాటితో బార్ మరీ కిందికి పోయి, అందుకోవడానికే వీపు గుండ్రంగా వంగుతుంది. ప్లేట్ల కింద చెక్క దుంగలో, గట్టి దిమ్మెలో పెట్టి బార్‌ను మోకాలి కింది భాగం మధ్య ఎత్తుకు తెచ్చుకోవాలి. ఇరవై రెండేళ్ల వయసులో ఒక జిమ్‌లో నాకు ఈ సంగతి చెప్పేవారు లేక, చిన్న ప్లేట్లతో నేల మీది నుంచి పట్టు కొద్దీ లాగి, మూడు నెలలు చెప్పులు వేసుకోవడానికి కూడా కూర్చోవలసి వచ్చింది. బార్ పాదం మధ్యభాగానికి సరిగ్గా పైన ఉండాలి. లేపుతున్నంతసేపూ కాళ్లకు రాసుకుంటున్నట్టే పైకి రావాలి. పిరుదులు, భుజాలు ఒకేసారి పైకి లేవాలి. పిరుదులు ముందుగా లేచి భుజాలు కిందనే ఉండిపోతే బరువు ఎక్కువైందని అర్థం.

స్క్వాట్

బడిలో చెవులు పట్టుకుని తీయించిన గుంజీలకూ, గోదాలో మల్లులు మునివేళ్ల మీద వేగంగా చేసే బైఠక్‌లకూ, ఇక్కడ చెప్పే స్క్వాట్‌కూ పోలిక ఉన్నా తేడా కూడా ఉంది. బైఠక్‌లో మడమలు లేస్తాయి, భారమంతా తొడ ముందు భాగం మీద, మోకాలి మీద పడుతుంది. ఏళ్ల తరబడి సాధన చేసినవారి మోకాళ్లు దాన్ని తట్టుకుంటాయి. కొత్తవారు పాదం మొత్తం నేలకు ఆనించి, భారాన్ని తుంటికీ మోకాలికీ పంచి, నెమ్మదిగా చేయాలి.

పాదాలను భుజాల వెడల్పున పెట్టి, వేళ్లను కొద్దిగా బయటికి తిప్పండి. ఎంత తిప్పాలన్నది తుంటి కీలు నిర్మాణాన్ని బట్టి మనిషి మనిషికీ మారుతుంది కనుక, మీకు కిందికి దిగడం సులువుగా అనిపించిన కోణమే మీ కోణం. బొటనవేలి మొదలు, చిటికెన వేలి మొదలు, మడమ, ఈ మూడూ నేలను వదలకూడదు. ఊపిరి నింపి పొట్ట బిగించి, మోకాళ్లు, తుంటి ఒకేసారి మడుస్తూ, రెండు తొడల మధ్యకు కూర్చోండి. మోకాళ్లు పాదాల వేళ్లు చూస్తున్న దిక్కులోనే కదలాలి. లేచేటప్పుడు అవి లోపలికి వాలడం అత్యంత సాధారణమైన తప్పు. ముఖ్యంగా అలసిన చివరి రెండు మూడు సార్లలో అది కనిపిస్తుంది. పక్కనున్నవారి చేత ఫోన్‌లో ఎదురుగా ఒకసారి, పక్క నుంచి ఒకసారి వీడియో తీయించి చూసుకుంటే చెప్పేవారు లేకపోయినా తప్పు దొరుకుతుంది.

మోకాలు కాలివేళ్లను దాటి ముందుకు రాకూడదన్న మాట జిమ్‌లలో వేదవాక్కులా చెలామణి అవుతోంది. అది సగం నిజం. మోకాలిని బలవంతంగా వెనుకనే ఆపితే మొండెం ఎక్కువగా ముందుకు వాలి భారం నడుము మీదికి మారుతుంది. మడమ నేలను వదలనంతవరకు, మోకాలు కొంత ముందుకు రావడం సహజమే. మెట్లు దిగే ప్రతిసారీ అది అలాగే వస్తుంది. మోకాలి నొప్పి ఇప్పటికే ఉన్నవారు మాత్రం లోతు తగ్గించి, కొద్దిగా వెనక్కు కూర్చోవడం మేలు.

ఎంత లోతు దిగాలి అన్నదానికి కొలత వెన్ను చెబుతుంది. దిగుతూ ఉండగా ఒక చోట నడుము కింది భాగం లోపలికి ముడుచుకుని గుండ్రమవుతుంది. ఆ చోటుకు ఒక అంగుళం పైన ఆగడమే మీ లోతు. తొడలు నేలకు సమాంతరంగా వస్తే మంచిదే, రాకపోతే సిగ్గుపడనక్కరలేదు. చిన్నప్పుడు గంటసేపు గొంతుకూర్చుని గోళీలాడినవారు కూడా కుర్చీలకు, కమోడ్‌లకు అలవాటుపడి చీలమండల కదలికను పోగొట్టుకుని ఉండవచ్చు. దాన్ని పరీక్షించడానికి, బొటనవేలు గోడకు పది సెంటీమీటర్ల దూరంలో ఉండేటట్టు పాదం పెట్టి, మడమ లేవకుండా మోకాలితో గోడను తాకి చూడండి. తాకలేకపోతే కొన్ని వారాలు రోజూ అదే కదలికను పదిహేను సార్లు చేయండి. ఆ లోపు స్క్వాట్ చేసేటప్పుడు మడమల కింద అంగుళం మందం గల చెక్క పెట్టుకోండి.

మొదటి బరువును వీపు మీద కాదు, ఛాతీకి ఆనించి పట్టుకోవాలి. ఐదు కిలోల బియ్యం సంచిని రెండు చేతులతో కౌగిలించుకుని చేస్తే, ఎదుటి బరువు మొండాన్ని నిలువుగా ఉంచడానికి దానంతట అదే సాయపడుతుంది. అడుగున ఒక క్షణం ఆగి, ఊపు లేకుండా లేవండి. పది, పదిహేను కిలోలు ఇలా స్థిరంగా వచ్చాక గాని బార్ జోలికి పోవద్దు. పురుషుల ఒలింపిక్ బార్ వట్టిదే 20 కిలోలు, స్త్రీలది 15 కిలోలు అన్నది గుర్తుంచుకోవాలి. బార్‌ను మెడ ఎముక మీద కాకుండా, భుజాలు బిగించినప్పుడు వీపు పైభాగంలో ఉబికే కండ మీద ఉంచాలి. మీరు దిగే లోతుకు కొంచెం కిందుగా అడ్డ కడ్డీలు ఉన్న స్టాండ్ లేని చోట బార్‌తో స్క్వాట్ చేయవద్దు. వెనుక స్నేహితుడు నిలబడ్డాడు కదా అన్నది ఆ కడ్డీలకు ప్రత్యామ్నాయం కాదు. ఇవి ఉన్నప్పుడు లేవలేకపోతే వణుకుతూ పోరాడకుండా, బార్‌ను వాటి మీద దించి బయటికి రావచ్చు.

అరవై దాటినవారికి, మోకాళ్ల అరుగుదల ఉన్నవారికి నా సలహా వేరు. గోడకు ఆనించిన, చేతులు లేని గట్టి కుర్చీ నుంచి లేచి, నెమ్మదిగా మళ్లీ కూర్చోవడమే వారి స్క్వాట్. లేవలేకపోతే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోవాలి, బలం వచ్చాక తీసేయాలి. ఐదేసి సార్లు మూడు విడతలు చేస్తే చాలు. అరిగిన మోకాలికి విశ్రాంతి మాత్రమే మందు అనుకోవడం పొరపాటు. తొడ ముందు కండరం బలపడితే మోకాలి నొప్పి తగ్గుతుందని వైద్యులే వ్యాయామం రాస్తారు.

ఒంటికాలి పనులు, మిగిలినవి

రెండు కాళ్లతో చేసేటప్పుడు బలమైన కాలు బలహీనమైన దాని తప్పును కప్పిపుచ్చుతుంది. అందుకు స్ప్లిట్ స్క్వాట్ మంచి పరీక్ష. ఒక కాలు ముందు, మరొకటి రెండడుగుల వెనుక పెట్టి, రైలు పట్టాల మీద నిలబడినట్టు పాదాల మధ్య వెడల్పు ఉంచుకుని, వెనుక మోకాలు నేలకు తగలబోయే వరకు నిలువుగా దిగండి. రెండు పాదాలూ ఒకే గీత మీద పెడితే తూలిపోతారు. భారం ముందు పాదం మీద ఎక్కువగా ఉండాలి. బలహీనమైన కాలితో మొదలుపెట్టి, అది ఎన్నిసార్లు చేస్తే రెండవదీ అన్నేసార్లే చేయాలి. ఇంటి అరుగు మెట్టు ఎక్కడం కూడా ఇదే కోవలోది. కింది కాలితో ఎగరకుండా, పై కాలి మడమతో మెట్టును నొక్కి లేవాలి, దిగేటప్పుడు ధబ్బున పడకుండా మూడు లెక్కపెట్టి దిగాలి.

వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులు పైకి లేపే బ్రిడ్జ్, రోజంతా కుర్చీలో కూర్చునేవారికి పనికి వస్తుంది. మెట్టు అంచున మునివేళ్ల మీద లేచి మడమను మెట్టు కంటే కిందికి నెమ్మదిగా దించే పిక్కల వ్యాయామం పరుగు తీసేవారికి తప్పనిసరి. ఇవి రెండూ పదిహేనేసి సార్లు చేస్తే సరిపోతుంది.

ఎంత, ఎన్ని రోజులు

వారానికి రెండు రోజులు, మధ్య కనీసం 48 గంటల వ్యవధి. మొదటి రెండు వారాలు బరువు లేకుండా, తుంటి మడత, స్క్వాట్, స్ప్లిట్ స్క్వాట్ ఎనిమిదేసి సార్లు, రెండేసి సెట్లు (విడతలు). మూడో వారం నుంచి మూడు సెట్లు, తేలికపాటి బరువు. ప్రతి సెట్‌ను ఇంకా రెండు సార్లు భంగిమ చెడకుండా చేయగలననిపించిన చోట ఆపాలి. సెట్‌కూ సెట్‌కూ మధ్య రెండు నిమిషాలు కూర్చోవాలి. మూడు సెట్లలోనూ పన్నెండేసి సార్లు శుభ్రంగా వచ్చిన తరువాతే రెండు, రెండున్నర కిలోలు పెంచి, మళ్లీ ఎనిమిదికి రావాలి. ఒక చిన్న పుస్తకంలో తేదీ, బరువు, సార్లు రాసుకోండి; జ్ఞాపకం మనకు అనుకూలంగా అబద్ధమాడుతుంది. పరుగు సాధన చేసేవారు గట్టి పరుగు రోజునే సాయంత్రం కాళ్ల వ్యాయామం కూడా పెట్టుకుని, మర్నాడు పూర్తిగా విశ్రాంతి తీసుకోవడం, రోజు విడిచి రోజు కాళ్లను నలపడం కంటే మేలు.

నొప్పి, మాత్రలు, మూత్రం రంగు

కండరం మధ్యలో మంటగా, తరువాతి రెండు మూడు రోజులు పచ్చిగా ఉండే నొప్పి మామూలే. కీలులో పొడిచినట్టు వచ్చే నొప్పి, మోకాలి వాపు, మోకాలు మడతలో ఇరుక్కుపోవడం, పాదంలో తిమ్మిరి గాని బలహీనత గాని మామూలు కాదు. వ్యాయామం ఆపి వైద్యునికి చూపించాలి. నడుము నొప్పితో పాటు మలమూత్రాల మీద పట్టు తప్పితే అది అత్యవసరం.

ఉద్దానం ప్రాంతంలోని వారికి, అంటే ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఉండేవారికి ఒక మాట విడిగా చెప్పాలి. అక్కడ మూత్రపిండాల వ్యాధి ఎంతగా ఉందో అందరికీ తెలిసిందే, అది చాలాకాలం లక్షణాలు లేకుండానే ముదురుతుంది. కాళ్ల నొప్పులకని మందుల దుకాణంలో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు మింగడం మూత్రపిండాలకు హాని చేస్తుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ హాని రెట్టిస్తుంది. ప్రొటీన్ పొడులు, కండబలం కోసం వాడే క్రియాటిన్ పొడి మొదలుపెట్టే ముందు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష (మూత్రపిండాల పనితీరును చూపేది) చేయించుకుని వైద్యుని అడగాలి. క్రియాటిన్ వాడుతున్నవారిలో ఆ పరీక్ష అంకె మూత్రపిండాలు బాగున్నా కొంత పెరగవచ్చు కనుక, వాడుతున్న సంగతి కూడా చెప్పాలి. మూత్రపిండాల సమస్య లేనివారికి పప్పు, ఉలవలు, గుడ్లు, చేపలు సరిపోతాయి.

ఒక్కసారిగా వందల గుంజీలు తీసినవారిలో, ముఖ్యంగా ఎండలో, కండరపు కణాలు పగిలి వాటిలోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. తొడలు బాగా వాచి, ముట్టుకోనివ్వకుండా నొప్పి పుడుతూ, మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారితే తెల్లవారే వరకు ఆగవద్దు. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లి, ఎన్ని గుంజీలు తీశారో, ఏ మాత్రలు వేసుకున్నారో దాచకుండా చెప్పండి.